మగ్గం గుంత మీద పాత కారు

ఒట్టు వేయమంటారా? నాకు ఆ సౌకర్యం లేదు. దేవుడి మీద వేద్దామంటే, ఆయన లేడని ఊరూరా మైకు పట్టుకుని చెప్పినవాణ్ణి నేనే. బిడ్డల మీద ఒట్టు వేయడం అనాగరికమని వ్యాసం రాసినవాణ్ణీ నేనే. అందుకని ఒట్టుకు బదులు సాక్ష్యం ఇస్తాను. ఎమ్మిగనూరులో మా వీరేశ షెడ్డుకి రండి. రెండు ముక్కలైన ఇటుక చూపిస్తాను. నేల మీద టైరు గీసిన నల్లటి చార చూపిస్తాను. నా కుడి అరచేతిలో కాలిన మచ్చ ఉంది, ఇదిగో. ఇంకా మూడు నోళ్ళు ఉన్నాయి... నాది, వీరేశది, మా చిన్నమ్మది. మూడూ ఒకే మాట చెబుతాయి. మా ముగ్గురికీ ఇంకే విషయంలోనూ మాట కలవదు.

నేను ఆదోనిలో సైన్సు పంతులుగా చేసి రిటైరయ్యాను. వీరేశ మా చిన్నాయన కొడుకు. చిన్నాయన నేతగాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు మగ్గాలు ఉండేవి. ఆయన పోయాక మగ్గాలూ ఒక్కొక్కటిగా పోయాయి. గుంతలు మిగిలాయి. నేతగాడు కాళ్ళు పెట్టుకుని కూర్చునే గుంతలు.

వీరేశకి దారం కంటే ఇంజను ఇష్టం. మెకానిక్కు అయ్యాడు. బండి కింద పని చేయాలంటే గుంత కావాలి. పక్కపక్కనున్న రెండు మగ్గం గుంతల్ని కలిపి, ఛాతీ లోతుకు తవ్వించమని సలహా ఇచ్చింది నేనే.

చిన్నమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు మాట్లాడింది.

"మీ చిన్నాయన బతుకంతా కూసున్న తావప్పా అది."

"గుంత గుంతే చిన్నమ్మా. మట్టికి జ్ఞాపకం ఉండదు."

చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకుంది. దిగే ముందు గట్టు ముట్టి కళ్ళకద్దుకోవాలి. చిన్నాయన రోజూ అలాగే చేసేవాడు. వీరేశ కూడా అలాగే చేసేవాడు. వాడు వంగినప్పుడల్లా నేను గట్టిగా దగ్గేవాణ్ణి. అది దగ్గు కాదని వాడికి తెలుసు.

పోయిన శ్రావణంలో ఆదోని పత్తి వ్యాపారి ఒకాయన తన కారు తెచ్చి వదిలాడు. రెండే సీట్లు. గుడ్డ పైకప్పు. ఎర్ర రంగు. వాళ్ళ తాత కాలంలో విలాయతి నుంచి దిగిన బండి. నిలబడి ఉన్నా పరిగెత్తుతున్నట్టే ఉంటుంది. తాళం తిప్పితే మాత్రం... ముసలి ఎద్దులా మూలుగుతుంది. బజారులో నలుగురు తోస్తే గానీ కదలదు. ఆయనకి అదే నామోషీ.

చేయాల్సిన పనులు రెండు. మంట పుట్టించే పాత ప్లాటినం పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టడం. ఇంజనుని మొదట తిప్పే పాత మోటారు, మెకానిక్కులు సెల్ఫ్ అంటారు, దాన్ని విప్పేసి కొత్త సెల్ఫ్ బిగించడం. కొత్తది సగం బరువు, రెట్టింపు బలం.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. ఆ కారులో పెట్రోలు పంపు కరెంటుది. తాళం తిప్పగానే టక్... టక్... అని కొట్టుకునేది. మొదటిరోజు అది విని చిన్నమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఒరే, మీ నాయన నేసినట్టే ఉందిరా!"

అందరం నవ్వుకున్నాం. ఆ పంపు చెమ్మ కారుతుంటే వీరేశ విప్పి, కొత్త రబ్బరు వేసి, చివర్న బిగిద్దామని గూట్లో పెట్టాడు. ఒకప్పుడు చిన్నాయన నాడెలు, అడ్డపోగు మోసుకుపోయే కర్రముక్కలు, పెట్టుకున్న గూడు అది. షెడ్డు వెనక గోడలో ఉంది. పంపు ఆ గూట్లో ఉంది. దానికి ఒక్క వైరు కూడా లేదు.

ఆ రోజు అమావాస్య. అమావాస్య నాడు మా వాళ్ళు మగ్గం ముట్టరు. వీధి వీధంతా నిశ్శబ్దం. తెల్లారితే కారాయన వస్తాడు. పని ఇంకా మిగిలి ఉంది.

"ఈ పొద్దు వద్దురా," అంది చిన్నమ్మ. "మీ నాయన అమాస నాడు గుంతలో కాలు పెట్టినోడు కాదు."

వీరేశ నా వైపు చూశాడు. నాకు ఉపన్యాసపు ఊపొచ్చింది. "అమావాస్య అంటే చంద్రుడు కనపడని రోజు చిన్నమ్మా. సెల్ఫ్ మోటారుకి చంద్రుడితో ఏం పని? బ్యాటరీ ఉంటే చాలు."

"నీకేం పంతులప్పా, నోరుంది. గుంతలో దిగేది నా కొడుకు."

ఆ మాటకి నవ్వాను.

వీరేశ గట్టు ముట్టడానికి వంగాడు. నేను దగ్గాను. వాడు సిగ్గుపడి, ముట్టకుండానే దిగిపోయాడు.

రాత్రి ఎనిమిదిన్నరకి సెల్ఫ్ బిగించాడు. బ్యాటరీ తగిలించి, గేరు తీసి, తాళం తిప్పాను. అబ్బ... ఇంజను గిర్రున తిరిగింది. వీరేశ ఈల వేశాడు. ఇక కింద నుంచి ఒక బోల్టు బిగిస్తే ఆ పని అయిపోయినట్టే. హ్యాండ్‌బ్రేకు పట్టదు, నేల కాస్త వాలు. అందుకని బండిని గేరులో పెట్టాను. ముందు చక్రానికి ఇటుక అడ్డం పెట్టాను. తాళం తీసి జేబులో వేసుకున్నాను. బ్యాటరీ వైరు తీసేద్దామా అని అడిగాను కూడా.

"రెండు నిమిషాల పనన్నా. మళ్ళీ తగిలించల్ల. ఉండనీ."

సరే అన్నాను.

వాడు గుంతలో నిలబడి, తల, చేతులు ఇంజను కిందికి పెట్టి పని చేస్తున్నాడు. నేను పక్కన టార్చి పట్టుకుని నిలబడ్డాను. తొమ్మిది దాటింది. స్పానరు చప్పుడు. ఎక్కడో కుక్క. అంతే.

అప్పుడు...

టక్.

ఆగింది.

టక్... ధబ్. టక్... ధబ్.

మెల్లగా. నాడె ఈ పక్క నుంచి ఆ పక్కకి పోయినట్టు. పోగుని దగ్గరికి కొట్టినట్టు. నేను ఆ చప్పుడు మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. కింద స్పానరు ఆగిపోయింది.

"అన్నా... తాళం తిప్పినావా?"

"లేదే."

"పంపు కొట్టుకుంటాంది."

"పంపు గూట్లో ఉంది కదరా."

జేబు తడిమాను. తాళం ఉంది. వేళ్ళకి చల్లగా తగిలింది.

టక్... ధబ్. టక్... ధబ్.

చప్పుడు కారులోంచి కాదు. వెనక గోడ వైపు నుంచి. టార్చి అటు తిప్పాను. పాత టైర్లు. రేకు డబ్బా. గూడు. గూట్లో పంపు. ఏదీ కదలడం లేదు. చప్పుడు మాత్రం వస్తూనే ఉంది. దాచను. భయపడ్డాను.

వంటింటి వైపు తలుపు తెరుచుకుంది. చేతిలో గరిటెతో చిన్నమ్మ.

"ఎవుర్రా అమాస నాడు నేస్తాండేది?"

ఆమెకి భయం లేదు. కోపం. ఎవరో నియమం తప్పారన్న కోపం.

"ఉండన్నా, సూసొస్తా," అన్నాడు వీరేశ. కారు కింద నుంచి వెనక వైపు జరిగాడు. గట్టు మీద చేతులు ఆనించాడు. ఒక మోకాలు పైన పెట్టాడు. రెండో కాలు తీశాడు. లేచి నిలబడ్డాడు. నాలుగు అడుగులు వేశాడు. గూట్లో చెయ్యి పెట్టాడు.

చప్పుడు ఆగిపోయింది.

వాడు నా వైపు తిరిగాడు. "సల్లగుండాదన్నా," అన్నాడు, పంపు మీద చెయ్యి అలాగే ఉంచి.

అంతే. సెల్ఫ్ అరిచింది.

కారు... తాళం లేని కారు... ఎగిరి ముందుకు దూకింది. ఇటుక ఫట్‌మని పగిలింది. కాస్త పక్కకి తిరిగి ఉన్న ముందు చక్రం గట్టు దాటి గుంతలో పడింది. బండి పొట్ట నేలకి కొట్టుకుంది. అయినా మోటారు ఆగలేదు. గింజుకుంటూ, ఇంకా ముందుకు పోవాలని లాగుతూనే ఉంది. బానెట్టులో చెయ్యి పెట్టి బ్యాటరీ వైరు ఊడబెరికాను. నిప్పు రవ్వలు. చెయ్యి కాలింది.

నిశ్శబ్దం.

టార్చి గుంతలోకి వేశాను. ఒక్క నిమిషం కింద వీరేశ తల ఉన్న చోట... చక్రం ఉంది.

చిన్నమ్మ గరిటె పారేసింది. ముప్పై అయిదేళ్ళ కొడుకు వీపు మీద రెండు దెబ్బలు వేసింది. తర్వాత పట్టుకుని ఏడ్చింది. తర్వాత నా దగ్గరికొచ్చి నాకూ ఒకటి వేసింది. పెన్షను తీసుకునే మనిషినని కూడా చూడలేదు. ఆ దెబ్బంత తియ్యటి దెబ్బ నేను తినలేదు. వీరేశ మొదట నవ్వాడు. తర్వాత నేను. నేల మీద కూలబడి, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వాం. ఆ రాత్రి జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి ఎన్నిసార్లు పెట్టించుకున్నామో లెక్క లేదు. వాడు నముల్తుంటే చూస్తూ కూర్చున్నాను. నమలడం ఎంత గొప్ప పనో అప్పుడు తెలిసింది.

తెల్లారి విచారణ మొదలుపెట్టాను. వదలుతానా?

కారు దూకడానికి కారణం దొరికింది. కొత్త సెల్ఫ్ మీద రెండు మరలు పక్కపక్కన ఉంటాయి. ఒకదానికి బ్యాటరీ లావు వైరు. అందులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. రెండోదానికి తాళం నుంచి వచ్చే సన్న వైరు. ఆ సన్న వైరు పొట్టిదై, వీరేశ ఇంకో ముక్క అతికాడు. ఎలా అతికాడు? పడుగు అతికినట్టు! మగ్గం మీది నిలువు దారాలు, అదే పాత పడుగు, అయిపోతే కొత్త పోగుల్ని దానికి అతుకుతారు. వేళ్ళకి బూడిద అద్దుకుని, ఒక్క నులుపు. ముడి ఉండదు. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని వేల పోగులు అలా అతికిన చెయ్యి అది. దారం నులుపు నిలుస్తుంది. రాగి నులుపు సడలుతుంది. పైన టేపు వదులై, ఒక తీగ బయటికొచ్చి లావు వైరు మరకి తగిలింది. తాళంతో పని లేకుండా సెల్ఫ్ తిరిగింది.

"దయ్యం కాదు చిన్నమ్మా. అతుకు!" అన్నాను.

"దూకింది అతుకువల్లనే కానీ, పిలిసింది ఎవురు?" అంది ఆమె.

సరే, చప్పుడు సంగతి మొదలుపెట్టాను.

ఆ తీగ తగిలీ తగలక సెల్ఫ్ టక్కుటక్కుమని ఉండాలి, అంతే కదా? నేనూ అదే అనుకున్నాను. వీరేశ చేత ఆ తీగని కొద్దికొద్దిగా తగిలించి చూశాను. చిటపటమంది. కళ్ళు మూసుకున్నా ఆ చప్పుడు కారులోంచే అని తెలుస్తోంది. అయినా సెల్ఫ్ వాడి చెవికి జానెడు దూరంలో ఉంది. వాడు విన్నది వీపు వెనక నుంచి.

వీధిలో ఎవరైనా నేశారేమో? ఇల్లిల్లూ అడిగాను. ఒకాయన నవ్వాడు. "అమాస నాడు నేస్తే మా ఆడామె కూడు పెట్టదు సారూ."

పంపు చప్పుడు విని ఉన్నాం కాబట్టి మా మనసులే దాన్ని మళ్ళీ కల్పించాయా? మనసు అలాంటి పనులు చేస్తుంది. దాని మీద నేనే రాశాను. కానీ మూడు మనసులు, మూడు చోట్ల, ఒకే క్షణాన మొదలుపెట్టి, ఒకే క్షణాన ఆపుతాయా?

నాకు తెలియదు.

చిన్నమ్మకి తెలుసు. 'మీ చిన్నాయనే' అంటుంది. నేను అనను, చచ్చినా అనను. తెలియని చోట దయ్యాన్ని కూర్చోబెట్టడం అబద్ధం. అయితే తెలియని చోట నేను పోయి తెలిసినట్టు కూర్చోవడం కూడా అబద్ధమే. ఏనాటికైనా ఎవరైనా ఆ చప్పుడుకి కారణం చూపిస్తే అందరికంటే ముందు చప్పట్లు కొట్టేది నేనే.

కారాయన వారం ఆలస్యంగా బండి తీసుకుపోయాడు. ఒక్క తిప్పుకే అందుకుంది. ఆదోని రోడ్డు మీద వెనక్కి చూడకుండా పోయాడు.

ఇప్పుడు షెడ్డు గోడ మీద నేను రంగుతో రాసిన నియమం ఉంది: గుంతలో దిగే ముందు బ్యాటరీ వైరు తీయాలి. వీరేశ తు.చ. తప్పడు. తీసి, నాకు చూపించి, అప్పుడు దిగుతాడు. చిన్నమ్మ నియమం గోడ మీద లేదు.

మొన్న వెళ్ళాను. చిన్నమ్మ ఇంట్లో లేదు, మార్కెట్టుకి పోయింది. వీరేశ ఒక జీపు బ్యాటరీ వైరు తీశాడు. నాకు చూపించాడు. గుంతలో ఒక కాలు పెట్టాడు.

"వీరేశా..."

"ఏమన్నా?"

నేను గట్టు వైపు చూశాను. వాడు నా మొహం చూశాడు. కాలు వెనక్కి తీసుకున్నాడు. వంగాడు. గట్టు ముట్టి కళ్ళకద్దుకున్నాడు.

నేను దగ్గలేదు.