ముప్పై రెండో చెంచా

మా బాబుకి అప్పుడు ఎనిమిదో నెల. బరువు చాలలేదని క్లినిక్‌లో నర్సు వాడి కార్డు మీద ఎర్ర సిరాతో గీత గీసింది. అప్పటినుంచే నాకు ఆంటీ మీద అనుమానం మొదలైంది. సింగపూర్‌లో, ఆంగ్ మో కియో పేటలో మా కింది అంతస్తులో ఉండే చైనీస్ ఆవిడ. నేను ఆఫీసుకి వెళ్తే బాబుని ఆవిడే చూసుకునేది. సాయంత్రం వెళ్ళి, "ఎంత తిన్నాడు ఆంటీ?" అంటే అక్కడి యాసలో ఎప్పుడూ ఒకటే జవాబు: "ప్లెంటీ లా!"

ప్లెంటీ అంటే ఎంత? మధ్యాహ్నాలు స్నేహితురాళ్ళతో మాజాంగ్ అనే బిళ్ళల ఆట ఆడేది. ఆటలో పడి వీడిని మరిచిపోదని ఏమిటి నమ్మకం?

నేను చదివింది కంప్యూటర్ సైన్స్. ఆ మాజాంగ్ బిళ్ళలే ఐదు అడిగి, ఆవిడ వంటగది గట్టు మీద వరసగా బోర్లా పెట్టాను. కంప్యూటర్ ఏ సంగతినైనా ఇలాగే దాచుకుంటుంది, ఉంది, లేదు అనే రెండు గుర్తులతో. వెల్లకిలా ఉంటే ఉన్నట్టు. కుడినుంచి వాటి విలువ ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు.

"బాబు చెంచాడు రాగిజావ మింగినప్పుడల్లా కుడి చివరి బిళ్ళ తిప్పండి. అది బోర్లా పడితే పక్కదీ తిప్పండి. ఏదైనా వెల్లకిలా పడగానే ఆపేయండి," అన్నాను. విలువలు మాత్రం చెప్పలేదు. చెబితే తనకి కావలసిన అంకె పెట్టేస్తుందని నా భయం.

"ఇంత తంటా ఎందుకు గర్ల్? నన్నడిగితే చెప్పనా?" అని నవ్వింది. తిప్పడం మాత్రం మానలేదు. పన్నెండు, పద్నాలుగు, పదిహేను. రోజూ చూసుకుని, మర్నాటికి మళ్ళీ అన్నీ బోర్లా పెట్టి వచ్చేదాన్ని.

ఒక శుక్రవారం వెళ్ళేసరికి కుడివైపు రెండు బిళ్ళలే వెల్లకిలా ఉన్నాయి.

"మూడే చెంచాలా ఆంటీ?"

"ఏం మూడు? ఇవాళ ఇంకా ఇంకా అని నోరు తెరిచాడు."

"బిళ్ళలు మూడంటున్నాయి."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "అయితే వాటినే చూసుకోమను నీ పిల్లాడిని," అని బాబుని నా చేతికిచ్చి తలుపేసుకుంది.

ఇంట్లో వాడు ఒక్క చెంచా కూడా ముట్టలేదు. నిద్రమందేమైనా పట్టిందా అని నోరు వాసన చూశాను. రాగి వాసనే. రెండు రోజులకని ఆంటీకి పంపిన రాగిపిండి డబ్బా బాబు సంచిలో ఖాళీగా ఉంది. సింకులో పారబోసిందన్నమాట అనుకున్నాను.

అంతా విని మా ఆయన అడిగాడు: "ముప్పై ఒకటికి నీ ఐదు బిళ్ళలూ వెల్లకిలా పడతాయి. ముప్పై రెండో చెంచాకి?"

అన్నీ బోర్లా పడతాయి. మళ్ళీ మొదటినుంచి లెక్క. వాడు తిన్నది ముప్పై ఐదు.

"తొంభై తొమ్మిది దాటగానే రెండంకెల సంవత్సరాలు సున్నాకి తిరిగొస్తాయని ఆఫీసు కంప్యూటర్లలో ఏడాదిగా సరిచేస్తున్నది నువ్వేగా తల్లీ!" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

మర్నాడే బాబుని ఎత్తుకుని వెళ్ళి ఆంటీ తలుపు కొట్టాను. తప్పు నాదేనని చెప్పాను. ఆంటీ చాలాసేపు గ్రిల్ తియ్యలేదు. తీశాక నన్ను చూడకుండా బాబుకోసం చేతులు చాచింది. "సోమవారం తీసుకురా. ఇకనుంచి నోటితో అడుగు. నోటితో చెప్తాను. నమ్మకపోతే వేరే ఆంటీని చూసుకో."

సోమవారం సాయంత్రం నోటితోనే అడిగాను.

"ప్లెంటీ."

థాంక్స్ చెప్పి వచ్చేశాను. మెట్ల మలుపు తిరిగాక, ఆవిడకి కనిపించనని తెలిశాక, వాడి చొక్కా ఎత్తి పొట్ట తడిమి చూశాను.