పసుపు మచ్చ

పోస్టాఫీసులో పార్సెల్ మీద సీలు వేయడానికి గుమాస్తా లక్క కరిగిస్తున్నాడు. ఆ వాసన ముక్కుకు తగలగానే కన్నమ్మక్క మీద నా పాత కుళ్లు మళ్లీ లేచింది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. చనిపోయిన మనిషి మీద అసూయపడటం మంచిది కాదని తెలుసు. తెలిసినా పోలేదు.

బస్తర్ రాజ్యం ఇంకా ఉన్న రోజులవి. కోంటాలో మాకు కిరాణా దుకాణం, ఊరి బయట కొంచెం పొలం ఉండేవి. నేను ఐదో తరగతితో బడి మానేశాను. జగదల్‌పూర్‌లో మేనమామ ఇంట ఉన్న రెండేళ్లూ మాత్రం అక్కడి గ్రంథాలయంలో దొరికినదల్లా చదివాను, నిఘంటువు పట్టుకుని ఇంగ్లీషు కూడబలుక్కున్నాను. అప్పుడే అడవి శాఖవారు లక్క సాగు మీద, అంటే చెట్ల కొమ్మలకు లక్క పురుగు పట్టించి పెంచడం మీద, ఒక చిన్న పుస్తకం వేశారు. ఊరూరా తిరిగి ఆ సాగు నేర్పడానికి మనిషి కావాలన్నారు. తన చెట్ల మీద లక్క పట్టించి చూపినవాడికే ఆ ఉద్యోగం. ఉప్పు తూచే బతుకు నుంచి బయటపడటానికి నాకు కనిపించిన దారి అదొక్కటే. పుస్తకం అట్ట మీద ‘ప్రాపగేషన్’ అని ఉంది. నిఘంటువులో దానికి చాలా అర్థాలున్నాయి. ప్రాణులు సంతతిని పెంచుకోవడం, ఒక మతమో భావమో జనంలోకి పాకడం, వెలుగూ శబ్దమూ ఒకచోటి నుంచి మరోచోటికి సాగడం. అన్నీ కంఠస్థం చేశాను.

కోంటాకు తిరిగొచ్చాక సంతరోజున వాటితోనే ఉపన్యాసం మొదలుపెట్టాను. జనం కాసేపు విని, పక్కన చింతపండు అమ్ముకుంటున్న కన్నమ్మక్క చుట్టూ చేరారు. మా పొలం గట్టుకు అవతలి పొలం ఆమెది. దోర్ల తెగ రైతు, అక్షరం ముక్క రాదు. పురుగు లోపల బతికి ఉన్న లక్క పుల్లల్ని అడిగినవారికల్లా విత్తనంగా ఊరికే ఇచ్చేది. దోర్నపాల్ దాకా ఏ మోదుగ మీద లక్క కనబడినా అది ఆమె చెట్ల నుంచి పాకిందేనని చెప్పుకునేవారు. నా అర్థాలన్నీ ఆమె శ్రద్ధగానే విన్నది.

“గన్ని సంగతులు ఒక్క మాటల పట్టినయా తమ్మీ? మంచిగుంది. మరి ఇయ్యాల బయటికి రమ్మని పురుగుకు ఎవలు చెప్తరు?”

అందరూ నవ్వారు. ఆమె నిజంగానే అడిగింది, ఎగతాళికి కాదు. అందుకే నాకు ఇంకా మండింది.

కార్తీకంలో ఫలానా రోజున పుల్లలు కోయమని పుస్తకం చెప్పింది. మా చెట్లలో రెండింటికి లక్క ఉంది. నేను కత్తి పట్టుకోవడం గట్టు మీంచి చూసి కన్నమ్మక్క వచ్చింది. గోటితో లక్క పొక్కుని తిప్పి చూపించి, “రెండు వారాలాగు. ఈడ పసుపు మచ్చ పడాలె. పడకముందే కోస్తే లోపల్నే సస్తయి” అంది. ఆమె ఆగమంది కనుకనే ఆ పూటే కోశాను. పురుగులు కొత్త కొమ్మల మీదికి పాకాలని దుకాణం పురికొసతో ఇరవై మోదుగలకు కట్టాను. పదిహేను రోజులైనా ఒక్క పురుగూ బయటికి రాలేదు. పుల్లలు ఎండిపోయాయి. అంతలో నా చెట్లు చూడటానికి అడవి శాఖ రేంజర్ గారు వస్తున్నారని, బండి కట్టుకుని ఎదురు రమ్మని కబురొచ్చింది.

ఐదు రోజుల తర్వాత ఆయనతో తిరిగి వచ్చాను. దారి పొడుగునా ఏం అబద్ధం చెప్పాలా అనే ఆలోచన. పొలంలో అడుగుపెడితే, లేత కొమ్మలన్నీ ఎర్రటి పొడి చల్లినట్టు పురుగులతో నిండి ఉన్నాయి. నేను కట్టిన పురికొస లేదు. కొత్త పుల్లలు అడ్డతీగ నారతో కట్టి ఉన్నాయి. గట్టుకు అవతల కన్నమ్మక్క చెట్లు సగం ఖాళీగా ఉన్నాయి. ఆమె కొడవలితో అక్కడే నిలబడి ఉంది.

“యే సబ్ తుమ్‌నే కియా?” అని, ఇదంతా చేసింది నువ్వేనా అని, రేంజర్ గారు నన్ను అడిగారు.

“జీ, సాబ్.”

ఆమెకు ఆపాటి హిందీ వచ్చు. తల తిప్పుకుని గడ్డి కోసుకుంది. ఆయన వెళ్లాక ఎందుకు చేశావని అడిగాను, కృతజ్ఞతతో కాదు, నిలదీసినట్టు.

“నీ కోసమేం కాదులే. కొమ్మలన్నీ ఉత్తగ ఉంటే నాకు సూడబుద్ధి కాలే. ఇగ ఊర్లు తిరుగుతవు గద, మచ్చ సంగతి చెప్పు అందరికీ.”

చెప్పాను. ఆ ఉద్యోగం మీద జగర్గుండా నుంచి గీదం దాకా ఎన్నో ఊళ్లలో, గోటితో పొక్కుని తిప్పి, ఆమె చూపినట్టే చూపించాను. ఎవరైనా ఈ సంగతి నీకెలా తెలుసని అడిగితే, “పుస్తకంలో ఉంది” అనేవాణ్ణి. చదువుకున్నవాణ్ణి కనుక నమ్మేవారు. వాళ్లు తమ పిల్లలకూ అలాగే చెప్పి ఉంటారు. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. ఎన్నిసార్లు తిరగేసినా అందులో పసుపు మచ్చ మాటే లేదు. ఆ సంగతి కన్నమ్మక్క చెప్పింది. ఇన్నేళ్లలో ఆమె పేరు కలిపి చెప్పడం ఇదే మొదలు. చెబుతుంటే ఇప్పుడు కూడా నాకు ఇష్టంగా లేదు.