యాదమ్మ వాకిట్లో గీత

దేవరకొండకు ఎట్లా వెళ్లాలని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు, ఖిల్లా చూడాలట. నేను ఏటా చలికాలంలో వెళ్తాను గానీ ఖిల్లా ఎక్కింది ఒక్కసారే. ఆ దగ్గర్లో ఒక ఊళ్లో గొర్లు కాసుకునే కుటుంబం ఉంది. (పేర్లు మార్చాను, ఊరిపేరు చెప్పను.) తరతరానికీ దిగే అరుదైన నరాల జబ్బు వాళ్లది. కాళ్లూ చేతులూ చెప్పినట్టు వినవు, నడక తూలుతుంది, చివరికి మాట పోతుంది. మందు లేదు. జబ్బు ఎట్లా ముదురుతోందో ఏటా చూసి రాసుకు రావడమే మా పరిశోధన. పాడు ఉద్యోగం.

హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులో పొద్దున్నే బస్సెక్కితే దాదాపు మూడు గంటల్లో దేవరకొండ. ఆడవాళ్లకు జీరో టికెట్టు, పైసా కట్టక్కర్లేదు. దేవరకొండ బస్టాండు దగ్గరే ఇడ్లీ తినేయండి, ఆ తర్వాత ఏమీ దొరకదు. అక్కణ్నుంచి ఆటో మాట్లాడుకోవాలి, రానూపోనూ ఐదొందలు, సాయంత్రందాకా ఆగుతాడు. డ్రైవర్ నన్ను గుర్తుపట్టాడు.

"మల్లయ్య ఇంటికే గదా మేడం? మందు దొరికిందా?"

"ఇంకా లేదు."

"మరేం జేయనీకి పోతున్నరు?"

సంచిలో టేపు చుట్ట ఉందో లేదో చూసుకున్నాను.

మల్లయ్యకు ఈ ఏడు మాట పూర్తిగా పోయింది. మంచంలోంచి కళ్లతోనే పలకరించాడు. కూతురు శ్రీలతకు ఇరవై దాటాయి. జబ్బు తనకూ దిగిందో లేదో రక్తపరీక్షలో తేలుతుంది గానీ, ఆ పిల్ల వద్దంది. మడమకు బొటనవేలు ఆనిస్తూ తిన్నగా నడిచే పరీక్షకు మాత్రం పోయినేడు ఒప్పుకుంది. నేలమీద టేపు అంటించి నడిపిస్తే బాగానే నడిచింది.

ఈసారి టేపు తీయబోతే వాళ్లమ్మ యాదమ్మ ఆపింది. వాకిట్లో అప్పటికే ముగ్గుపిండితో పొడుగ్గా గీత గీసి ఉంది.

"పోయినేడు మీరు నడిపిచ్చింది చూసిన గదా మేడం. అప్పట్నుంచి రోజు పొద్దుగాల గిట్ల గీత గీసి నడిపిస్తున్న. కాళ్లకు అలవాటైతే వాళ్ల బాపు లెక్క గాదు."

మేము కొలవడానికి తెచ్చిన పరీక్షను ఆమె మందు అనుకుంది, ఏడాదంతా బిడ్డకు వేసింది.

శ్రీలత సగందాకా చక్కగా నడిచింది. అక్కడ కుడికాలు పక్కకు పడింది. సర్దుకుంది, మళ్లీ పడింది. గీత పక్కన మట్టిమీద తెల్లటి అడుగు అచ్చయింది. యాదమ్మ గబుక్కున వంగి దాన్ని అరచేత్తో తుడిచేసింది.

"పొద్దుగాల మంచిగనే నడిచింది. జర మల్లొకపారి నడిపియ్యండి."

నడిపించాను. మళ్లీ అంతే.

"ఏడ తప్పిన అక్కా? చెప్పు, గదే ఇంకింత నేర్చుకుంట" అంది శ్రీలత.

"ఒక్కరోజు నడకతో ఏదీ తేలదమ్మా" అన్నాను. అది నిజమే. ఇన్నేళ్లుగా ఈ నడకలు చూస్తున్న నాకు తేలిపోయింది, అదీ నిజమే.

ఈ కొలతలు ఎప్పుడో ఎవరికో పనికొస్తాయని మా పెద్దలంటారు. వస్తాయేమో. శ్రీలతకు రావు. ఆటో ఎక్కి వెనక్కి చూస్తే యాదమ్మ చెదిరిన గీతమీద మళ్లీ పిండి పోస్తోంది. వచ్చే ఏడు ఆ గుమ్మంలోకి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తెలియదు, కానీ వెళ్లాలి. అటువైపు ఊళ్లకు వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఎవరి వాకిట్లోనైనా తిన్నగా తెల్లగీత కనబడితే తొక్కకండి, పక్కనుంచి వెళ్లండి. తెల్లారితే ఒక పిల్ల దానిమీద నడవాలి.