డెన్మార్కు కారోబారు

మా స్వామిదాసన్నకు తాగుడు లేదు, పేకాట లేదు, చివరికి బీడీ కూడా లేదు. ఉన్నదల్లా ఒకే ఒక్క వ్యసనం. మనిషి కనబడితే చాలు, అమెరికాలో పన్నెంత, డెన్మార్కులో పన్నెంత, కట్టినందుకు అక్కడివాళ్ళకు ఏం దక్కుతుంది అని మొదలుపెట్టేవాడు. పెళ్ళి పందిట్లోనూ అదే, చావింట్లోనూ అదే. ఒకసారి జెండా పండుగనాడు మా బడిలో రెండు మాటలు మాట్లాడమని మైకు ఇచ్చాం. దాన్ని వెనక్కి తీసుకోవడానికి కరెంటు ఆపాల్సి వచ్చింది.

నేను రోజూ కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కి, సగం దారిలో ఒక ఊళ్ళో దిగి, ఆ ఊరి బడిలో పాఠాలు చెప్పేదాన్ని. 2009 నుంచి 2014 దాకా. స్వామిదాసన్న ఆ ఊరి పంచాయతీకి కారోబారు. అంటే ఇంటిపన్ను వసూలు చేసి, రసీదులు రాసి, వీధిలైట్లకు బల్బులు మార్చి, సర్పంచి చేత తిట్లు తినే కొలువు. మంచి ఇంటికి ఏడాదికి నూట ఇరవై, రేకుల ఇంటికి అరవై. ఆ అరవై అడగడానికి ఆయన డెన్మార్కు దాకా పోయి వచ్చేవాడు.

నిజానికి ఆయన డెన్మార్కు చూడలేదు. అమెరికా అసలే చూడలేదు. చూసింది దుబాయి, అదీ వంటగది కిటికీలోంచి. అక్కడ ఒక కంపెనీ ఇంట్లో ఇద్దరు ఇంజనీర్లకు ఆరేళ్ళు వండిపెట్టాడు. ఒకాయన అమెరికా మైక్ సారు, ఇంకొకాయన డెన్మార్కు యెన్స్ సారు. అన్నం ముందు కూర్చుంటే ఇద్దరికీ రోజూ ఇదే పంచాయితీ.

"మైక్ సారంటడు, నా జీతం నా జేబుల ఉండాలె, నాకేం గావాల్నో నేనే కొనుక్కుంట. యెన్స్ సారంటడు, సగం జీతం సర్కారుకు పోతే పోనీ, నా బిడ్డ కాలేజికి ఫీజు లేదు, మా అమ్మ దవాఖానకు బిల్లు లేదు. గప్పుడు మైక్ సారు చెంచా పక్కకు వెట్టి..."

"కూర సల్లారిపోయేదా అన్నా?"

"రోజు సల్లారేది టీచరమ్మా. రెండుసార్లు ఎచ్చజేసి పెట్టేటోణ్ణి."

ఆ చల్లారిన కూరల చదువుతోనే ఊరు మొత్తాన్ని రెండు దేశాలుగా విడగొట్టాడు. అడగ్గానే పన్ను కట్టేవాళ్ళు డెన్మార్కు. "నాకేమిచ్చిండ్రని కట్టాలె?" అనేవాళ్ళు అమెరికా. సర్పంచి అమెరికా. కిరాణా దుకాణం హరిచంద్ అమెరికా. నాకు జీతంలోనే కోత పడుతుంది కాబట్టి నేను డెన్మార్కు.

"గట్లయితే అమెరికోళ్ళు పన్నే కట్టరా?" అని హరిచంద్ ఆశగా అడిగాడు ఒకసారి.

"ఎందుకు కట్టరు? మైక్ సారు ఇంటిపన్ను మస్తు కడ్తడు. అక్కడ బడి నడిచేదే ఎక్కువ గా పైసల మీద. నువ్వు అమెరికోనివి గూడ గాదు హరిచందూ, ఉత్త ఎగ్గొట్టేటోనివి!"

హరిచంద్ నూట ఇరవై చేతిలో పెట్టి దండం పెట్టాడు. పన్ను మీద గౌరవంతో కాదు. స్వామిదాసన్న తన దుకాణం ముందు నుంచి కదిలితే గిరాకీ వస్తుందని.

ఊళ్ళో అసలు సిసలు అమెరికా మాత్రం హన్మవ్వ. చివరి గల్లీలో ఒంటి గది రేకుల ఇల్లు. డెబ్బై ఏళ్ళ మనిషి, మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ గల్లీకి నల్లా లేదు. పొలాల అవతలి బోరు నుంచి రోజుకు నాలుగు బిందెలు మోసేది. "సచ్చేలోపట నా ఇంటి ముంగట నల్లా ఇప్పి, గా నీళ్ళతోని కాళ్ళు కడుక్కోవాలె బిడ్డా" అనేది నాతో. అంత చిన్న కోరికకు అంత పొడుగు నిట్టూర్పు నేనెక్కడా వినలేదు.

స్వామిదాసన్న రసీదు బుక్కుతో ఆ గల్లీలోకి తిరిగాడంటే హన్మవ్వ లోపల గొళ్ళెం పెట్టేది.

"అవ్వా, పన్ను!"

"అవ్వ లేదు. బోరుకాడికి పోయింది."

"మరి మాట్లాడేది ఎవలు?"

"నేనే! నల్లా ఇయ్యనోళ్ళకు పన్నెందుకు కట్టాలె రా? ముందుగాల నీళ్ళు తే!"

"ముందుగాల పన్ను కడ్తేనే నీళ్ళు అవ్వా. డెన్మార్కుల ఏం జేస్తరంటే..."

"వద్దు! గా ముచ్చట తియ్యకు, నీకు పుణ్యముంటది. రొట్టె ఇస్త, తిని పో."

తలుపు జానెడు తెరుచుకునేది. జొన్నరొట్టె మీద పుంటికూర తొక్కు, అదే గోంగూర పచ్చడి, పెట్టుకుని ఒక చెయ్యి బయటికి వచ్చేది. ఆయన అరుగు మీద కూర్చుని తిని, చెయ్యి కడుక్కోకుండా తుడుచుకుని, బుక్కు చంకన పెట్టుకుని పోయేవాడు. ఏటేటా ఇదే తంతు. "లంచం తింటున్నవన్నా" అని నేను ఏడిపిస్తే, "గిసుంటి రొట్టె యెన్స్ సారుకు గూడ దొరకది" అనేవాడు.

ఒక సాయంత్రం బస్సు ఎంతకీ రాలేదు. ఆయన బల్బులు కొనడానికి కామారెడ్డి వస్తున్నాడు. "అంత పావురం, అంత ప్రేమ ఉంటే ఒక్కసారి పోయి చూసి రారాదు డెన్మార్కు?" అన్నాను వెటకారంగా.

"దేశం జూసి ఏం జేస్త టీచరమ్మా. యెన్స్ సారు తల్లి ఊర్లె ఒక్కతే ఉంటదట. పొద్దుగాల నర్సు సైకిల్ మీద వచ్చి, గోళీలిచ్చి, ఎట్లున్నవమ్మా అని అడిగి పోతదట. సారు గా ముచ్చట చెప్తుంటెనే నాకు ఫోనొచ్చింది. మా అమ్మను కామారెడ్డి దవాఖానకు తీస్కపోతుంటే ఆటోలనే పోయిందని." ఖాళీ సంచీ చంక మార్చుకున్నాడు. "గసుంటి సైకిలొక్కటి మన గల్లీల ఆగంగ జూడాలె. గంతే."

ఆయన్ని ఎన్నిసార్లు వెక్కిరించానో గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. ఇంతలో బస్సొచ్చింది. ఎక్కగానే కండక్టరును పట్టుకుని అమెరికాలో బస్సుల సంగతి మొదలుపెట్టాడు.

2013లో చివరి గల్లీకి పైపులు వచ్చాయి. గ్రామసభ పెట్టారు. ఐదేళ్ళ ఇంటిపన్ను రసీదులు ఉన్నవాళ్ళకే నల్లా, లేనివాళ్ళకు మళ్ళీ ఎప్పుడో అన్నాడు మండలం నుంచి వచ్చిన ఆఫీసరు. హన్మవ్వ పేరు పిలిచారు. ఒక్క పైసా కట్టలేదని ఊరంతా చాటుకున్న మనిషి, కొంగు వేలికి చుట్టుకుంటూ లేచింది. "నా నసీబుల బోరే ఉన్నది" అని గొణిగింది.

స్వామిదాసన్న సంచీలోంచి ఐదు రసీదులు తీసి బల్ల మీద పెట్టాడు. "హన్మవ్వ, ఇంటి నంబరు నాలుగు బై పదిహేడు. బాకీ లేదు సార్."

"అబద్ధం!" అని అరిచింది, ఇంకెవరో కాదు, హన్మవ్వే. "నేను ఒక్క పైస గూడ కట్టలే! ఊరందరికి ఎర్కే!"

సభ గొల్లున నవ్వింది. ఆఫీసరు పెన్ను ఆపాడు. చేతికందిన నల్లాను ఈ ముసలమ్మ తానే పోగొట్టుకుంటుందేమోనని నాకు ఒళ్ళు మండిపోయింది.

"అవ్వా, యేడాదికొక్కసారి రొట్టె పెట్టినవా, లేదా?" అన్నాడు స్వామిదాసన్న.

"పెట్టిన."

"పుంటికూర తొక్కు?"

"పెట్టిన."

"గదే నీ పన్ను. రొట్టె నేను తిన్న, అరవై రూపాలు పంచాయతిల జమజేసిన. ఊకె తింటననుకున్నవా? లంచం తినే కారోబారును గాను."

ఆయన జీతం నెలకు పదిహేను వందలు. ఆఫీసరు రసీదులను బుక్కుతో సరిచూసి, నవ్వు ఆపుకుంటూ సంతకం పెట్టాడు.

"ఒక్క మాటన్న చెప్పకపోతివి బిడ్డా" అంది హన్మవ్వ.

"ఎట్ల చెప్పాలె అవ్వా? డెన్మార్కు అనంగనే తలుపేస్తివి!"

నల్లా వచ్చిన రోజు ఆమె బిందె పక్కన పెట్టి ముందు కాళ్ళు కడుక్కుంది, పెళ్ళికూతురిలా ఒక్కొక్క వేలూ. మరుసటి ఏడు స్వామిదాసన్న పన్నుకు వెళ్తే తలుపు బార్లా తీసి ఉంది. అరవై రూపాయలు ఆయన చేతిలో పెట్టింది.

"ఎటు పోతున్నవ్? పైసలిచ్చిన గద. కూసో. డెన్మార్కు ముచ్చట చెప్పు."

నేను బడి వదిలి వచ్చేసరికి ఇంకా అరుగు మీదే ఉన్నారు. కథ నర్సు సైకిలు దాకా వచ్చింది.

"అంత దూరమొచ్చే పోరికి రొట్టె ఎవలు పెడ్తరు రా?" అని అడుగుతోంది హన్మవ్వ. ఆ ఇద్దరు ఇంజనీర్లూ ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడలేదట.

ఆ వేసవి తర్వాత నాకు మద్నూర్ బదిలీ అయింది. మంచి ఊరే, కానీ సాయంత్రమైతే ఆ గల్లీ మీదికే మనసు పోయేది. ఒకరోజు నల్లా పన్నుకు ఒకాయన వచ్చాడు. డబ్బు తీసుకున్నాడు, రసీదు చింపాడు, ఒక్క ముక్క మాట్లాడకుండా మెట్లు దిగుతున్నాడు. నాకేదో ఎగ్గొట్టి పోతున్నట్టనిపించింది.

"ఆగన్నా" అన్నాను. "డెన్మార్కుల ఎంత కడ్తరో ఎర్కేనా నీకు?"

ఆయన నన్ను ఎగాదిగా చూసి, పక్కింటికి నడిచాడు. కొంచెం తొందరగానే.