బస్తాలు ఆపే కారు

ఒకసారి నిజామాబాద్ నుంచి వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్నావిడ ఒడిలో కొత్త డిస్క్ బ్రేకులున్నాయి. తన పాత కారుకు వేయిస్తుందట.

నేనూరుకుంటానా? "మా నాయన కొన్న కారే నేనింకా నడుపుతున్న చెల్లే. పెర్కిట్‌ల బ్రేకు తొక్కితే ఆర్మూర్‌ల ఆగుతది. ఆగకుంటే మార్కెట్‌ల పసుపు బస్తాలు ఆపుతయి" అన్నాను.

ఆమె కడుపుబ్బ నవ్వింది. తర్వాత మెల్లగా, "గా బస్తాలకు ఆనుకొనే గదన్నా, హమాలీలు సద్ది తినేది?" అంది.

దిగేముందు ఆమె మెకానిక్ ఎక్కడుంటాడో అడిగి తెలుసుకున్నాను.

ఇప్పుడు నా కారుకూ డిస్క్ బ్రేకులే. ఇదివరకు నా కారు మార్కెట్‌లోకి వస్తే హమాలీలు సద్ది వదిలి లేచి నిలబడేవారు. గౌరవమనుకునేవాణ్ణి. ఇప్పుడు కూర్చున్నచోటి నుంచే, "రా అన్నా, జర తిను" అంటున్నారు.