కాలవ మూతికి తడిక

యోబు నోట్లో నాలుక లేని మనిషి. ఉన్నదల్లా ఒక్క మాట, అలాగేనండి. ఆ మాటతోనే బతుకు నెట్టుకొచ్చాడు, ఆ మాటకే కట్టుబడి ఇరుక్కుపోయాడు.

బాపట్లకి దిగువన మురుగు కాలవ సముద్రంలో కలిసేచోట తూము తలుపులెత్తే లస్కరు ఉద్యోగం అతనిది. వానలు పడితే కాకుమాను పొలాల నీళ్లు, ఊళ్ల మురుగు, గుర్రపుడెక్క, చచ్చిన గొడ్డూ గోదా అన్నీ కొట్టుకొచ్చేది అక్కడికే. ఊరికే తలుపులెత్తితే ఆ దరిద్రమంతా పోయి ఒడ్డున ఇసకమీద పడుతుంది. అందుకని యోబు తూము ముందు వెదురు తడిక కట్టి, దానికి తట్టుకున్న చెత్తని గట్టుమీదికి లాగి పోసేవాడు. పైవాళ్లెవరూ చెయ్యమనలేదు. ఒడ్డున చేపలెండేసుకునే నాగమ్మ ఒకసారి అడిగితే, అలాగే అత్తా అన్నాడు. అంతే, మెడకి చుట్టుకుంది.

డెబ్భైల్లో ఒక ఏడు ముసురు పట్టి వదల్లేదు. అది వెలిసిన పొద్దున్నే కాకుమాను నుంచి అన్న సుందరయ్య సైకిలేసుకుని వచ్చాడు.

"తమ్ముడూ, కాలవ లాగటం లేదురా. కౌలు చేనంతా నీళ్లలోనే ఉంది. సాయంత్రానికి దిగకపోతే నాట్లు కుళ్లిపోతయ్. ఆ తడిక పీకెయ్."

"అలాగే అన్నయ్యా."

సుందరయ్య నమ్మి వెళ్లాడు. కాసేపటికి నాగమ్మ వచ్చింది.

"అబ్బాయా, ఇన్నాళ్లకి ఎండ మొహం చూశాం. చేపలన్నీ ఇసకమీదే పరిచాం. ఇంకా సగం కూడా ఎండలేదు. ఇప్పుడు మురుగొచ్చి పడిందంటే మా నోట్లో మట్టే. తడిక తియ్యమాక."

"అలాగే అత్తా."

ఏమనాలి ఈ మనిషిని! ఇద్దరికీ మాటిచ్చి తూముమీద ఒంటరిగా నిలబడ్డాడు. అటు అన్న పిల్లల తిండిగింజలు, ఇటు ఒడ్డున చేపలవాళ్ల తిండి. పారిపోదామన్నా తలుపుల తాళాలు తన మొలకే వేలాడుతున్నాయి.

చివరికి తలుపులన్నీ ఎత్తేసి, తడిక మాత్రం ఉంచి, తనే కాలవలోకి దిగాడు. చెత్త అడ్డుపడకుండా లాగేస్తుంటే నీళ్లూ పోతాయి, ఒడ్డూ బాగుంటుంది అనుకున్నాడు, పిచ్చి మారాజు. లాగినకొద్దీ డెక్క వచ్చి పడుతూనే ఉంది. వెదురు పేళ్లు గీరుకుని చేతులు పుళ్లయ్యాయి. పొద్దువాలే వేళకి సుందరయ్య మళ్లీ వచ్చాడు.

"తియ్యలేదేంట్రా?"

తడిక కట్టిన తాడు యోబు చేతికందేంత దూరంలోనే ఉంది. ఒడ్డున చేపలు ఇంకా పరిచే ఉన్నాయి. అతను తాడు ముట్టుకోలేదు, అన్న మొహమూ చూడలేదు. సుందరయ్య సైకిలెక్కాడు.

నాట్లు పోయాయి. ఆ క్రిస్మసుకి యోబు కాకుమాను వెళితే వదిన మంచినీళ్లిచ్చింది. అన్న గదిలోంచి బయటికి రాలేదు.

పండగ వెళ్లగానే బాపట్లలో సూపర్వైజరు జనార్దనరావు దగ్గరికెళ్లి చేతులు కట్టుకు నిలబడ్డాడు. తనకోసం ఒకటి అడగడం అతనికి అదే మొదలు.

"నన్ను మార్చండయ్యా. తెనాలి వైపైనా, రేపల్లె వైపైనా సరేనండి. ఆ మూతి దగ్గర ఇంక ఉండలేనండి."

జనార్దనరావు నవ్వాడు. "భలేవాడివోయ్. మొన్న పెద్ద ఇంజనీరుగారు వచ్చి చూసి, ఒడ్డు ఇంత శుభ్రంగా ఎక్కడా లేదన్నారు. అంతా మా యోబు చలవేనండి అని చెప్పాను. నువ్వు రిటైరయ్యేదాకా అక్కణ్ణించి కదిపేది లేదన్నారు. ఏమంటావ్?"

యోబు వద్దండి అనడానికే నోరు తెరిచాడు.

"అలాగేనండి" అన్నాడు.