కుడికి ఆరు, పైకి మూడు

నంద్యాలలో మేం రాళ్లు కోసే షెడ్డులో మెషిన్ మీదికి నీళ్లు వదలగానే తడి రాతిపొడి వాసన గుప్పుమంటుంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు ఆళ్లగడ్డ శిల్పి ఓబులన్న గుర్తొస్తాడు. పొట్టి మనిషి, చెవి మీద పెన్సిలు, మాటలో విసుగు. డిగ్రీ మధ్యలో ఆపేసి దొర్నిపాడు నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన నన్ను రాతిమీద బొమ్మ గీసే పనికి పెట్టుకున్నది ఆయనే. "ఆడమనిషి గీసిన గీత మీద మేం ఉలి పెట్టాల్నా?" అని మిగతా శిల్పులు నా మొహం మీదే అన్నారు. "ఈ గుడి పని అయ్యేదాకా సూడండప్పా. తప్పు గీస్తే నేనే పంపిస్తా" అన్నాడాయన. నా బతుకుతెరువు ఆ ఒక్క పని మీద నిలబడింది.

గుడి మెట్ల పక్కన ఏటవాలుగా నిలిచే రాతి మీద వరసగా పైకెక్కే ఏడు హంసలు గీయాలి. ముందు ఓబులన్న గళ్ల కాగితం మీద రెండు హంసలు గీసి చూపించాడు.

"మొదటిది రెండోదాని చోటికి ఎట్ల పోయింది?"

"పక్కకు, కొంచెం పైకి."

"కొంచెమంటే రాయికేం తెలుస్తాది? గళ్లు లెక్కబెట్టు."

నేను మొదటి హంస ముక్కు నుంచి రెండోదాని తోక దాకా ఉన్న ఖాళీని లెక్కపెట్టి, "కుడికి రెండు" అన్నాను. "అయితే రెండే జరిపి గియ్యి" అన్నాడు. గీశాను. హంస మీద హంస ఎక్కి కూర్చుంది. షెడ్డంతా నవ్వులు. సిగ్గుతో చచ్చిపోయాను. ఓబులన్న మాత్రం నవ్వలేదు. మొదటి హంస ముక్కు మీద వేలు పెట్టి, రెండోదాని ముక్కు దాకా నడిపించాడు. "ముక్కు నుంచి ముక్కుకు లెక్కబెట్టల్ల. తోక నుంచి తోకకు. యాడ పట్టుకున్నా లెక్క ఒకటే వస్తేనే బొమ్మ జరిగినట్టు." ముక్కుకు కుడికి ఆరు, పైకి మూడు వచ్చాయి. తోకకూ అంతే. బడిలో నన్ను ఏడిపించిన, బొమ్మను జరిపే లెక్కల పాఠం ఇదే, కాకపోతే అక్కడ నాకెవరూ హంసను చూపించలేదు.

రాతి మీద కూడా గళ్లు కొట్టి, ఎర్రజాజు రంగుతో నాలుగు హంసలు నేను గీశాను. ఆదివారం చర్చి ముగించుకుని వచ్చేసరికి ఐదోది ఓబులన్నే గీసేశాడు. దాని ముందు ఒక శిల్పి ఉలి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. నా కంటికి ఏదో తేడాగా కనిపించింది. గళ్లు లెక్కపెట్టాను.

"ఆగండి" అన్నాను.

"ఏందీ?" అన్నాడు ఓబులన్న.

"ముక్కు పైకి నాలుగు పోయిందన్నా. తోక రెండే పోయింది. నువ్వు దీన్ని జరపలేదు, తిప్పినావు."

రాయి వాలుగా ఉంది కదా, ఆయన చెయ్యి కూడా ఆ వాలుతోపాటే పోయి హంస తల ఎత్తేసింది. అనవసరంగా నోరు జారానా అనుకున్నాను. ఆయన వంగి ముక్కు దగ్గర ఒకసారి, తోక దగ్గర ఒకసారి లెక్కపెట్టుకున్నాడు. తడిగుడ్డ తీసుకుని తన గీతను తానే తుడిచేశాడు. తర్వాత నన్ను చూపిస్తూ అందరికీ వినపడేలా, "ఇంగ సువార్తమ్మ సూడకుండా ఏ రాయి మీదా ఉలి పెట్టొద్దు. నా గీతైనా సరే" అన్నాడు. గర్వంతో నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత పెద్ద శిల్పి అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాడని, ఆయన్ని చూసి అంతకంటే ఎక్కువ గర్వపడ్డాను.

ఇప్పుడు బొమ్మలు కంప్యూటర్లో గీస్తున్నాను. అడ్డం ఎంత, నిలువు ఎంత అని అంకెలు కొడితే బొమ్మ దానంతటదే జరుగుతుంది. అయినా ఎవరు గీసిచ్చినా రెండు చోట్ల పట్టి లెక్క చూడందే మెషిన్ ఆన్ చేయనివ్వను. మొన్న మా ఓనరు గారు గీసిన బొమ్మకే "ఆగండి" అన్నాను. ఆయన మొహం మాడ్చుకున్నాడు గానీ, మెషిన్ మాత్రం ఆగింది.